జలగర్భమున కావలి

2009వ సంవత్సరము జూలై 26వ తేదీన విశాఖపట్టణమున నొక కొబ్బరికాయ కొట్టబడినది. కొట్టినవారు నాటి ప్రధానమంత్రి డాక్టరు మన్మోహన్ సింగు గారి ధర్మపత్ని శ్రీమతి గురుశరణ్ కౌరు గారు. కాయ పగిలినది దేవాలయపు మెట్టుమీద గాదు, ఉక్కుతో జేసిన యొక జలాంతర్గామి మీద. మన దేశమున నిర్మింపబడిన మొదటి అణుశక్తి జలాంతర్గామి యది. అంతవరకు 'ఉన్నత సాంకేతిక నౌక' యను ముసుగు పేరుతో నేండ్ల తరబడి రహస్యముగా సాగిన పనికి ఆనాడు 'అరిహంత్' అని నామకరణ మయ్యెను.

ఓడకు పేరిడుట స్త్రీ చేతిమీదుగా జరుగుట నావికులలో బహుకాలపు టాచారము. 1954 జనవరి 21న అమెరికావారు ప్రపంచమున మొట్టమొదటి అణుశక్తి జలాంతర్గామి యగు 'నాటిలస్'ను నీటిలోనికి దింపినప్పుడు అధ్యక్షుడు ఐసెన్‌హోవరు గారి భార్య మేమీ గారు ద్రాక్షమద్యపు సీసాను దానికి గొట్టి పగులగొట్టిరి. మనవారు సీసాకు మారుగా కొబ్బరికాయ నుంచిరి, అంతియే భేదము. పేరు పెట్టుటకు మాత్రము స్త్రీని బిలుతురు గాని, పేరు పెట్టబడినదాని కడుపులో నేమున్నదో, అది యెందుల కున్నదో స్త్రీలకు దెలియజెప్పు వారరుదు. వంటయింటివారికి యుద్ధనౌకలతో నేమి పని యని కొందఱందురు. ఆ నౌక కావలి కాయుచున్నది మన వంటయిండ్లనే యని చెప్పుచున్నప్పుడు, ఆ కావలి యెట్టిదో యడుగుట కంటె మనకు ముఖ్యమైన పని యేది? సోదరీమణులారా, మేము చదివి తెలిసికొన్నంత మట్టుకు ఇందు వ్రాయుచున్నాము.

ముందుగా పేరు సంగతి. అరిహంత్ అనగా శత్రువులను సంహరించునది. జైనులు తమ నిత్యమంత్రమున మొదట నమస్కరించు అరిహంతులు వేరు. వారు కామక్రోధాది లోపలి శత్రువులను జయించిన మహాత్ములు. ఒక్క పేరే ఇటు ఆయుధమునకు, అటు అహింసావ్రతులకు జెల్లుట మాకు వింతగా దోచినది. ఆలోచించినకొలది అది వట్టి వింత కాదనియు దోచినది. ఆ సంగతి తరువాత చెప్పెదము.

జలాంతర్గామి యనగా నేమో కన్నులార చూడగోరువారు విశాఖ రామకృష్ణా బీచికి పోవచ్చును. అక్కడ 'కురుసుర' యను పాత జలాంతర్గామి యిసుకమీద నిలిపియున్నది. అది సోవియట్టు దేశమున నిర్మితమై 1969 డిసెంబరులో మన నౌకాదళమున జేరి, 2001లో విశ్రాంతి పొంది, 2002 నుండి ప్రదర్శనశాలగా నున్నది. మేము పిల్లలతో గూడ దానిలోనికి బోయితిమి. పొడవు 91 మీటర్లైనను లోపల నిద్దరు ఎదురెదురుగా నడువవలెనన్న నొకరు ప్రక్కకు దిరిగి నిలువవలసినదే. అర కు నరకు నడుమ గుండ్రని రంధ్రములే ద్వారములు. చీర కుచ్చెళ్లు చేతబట్టుకొని, తలవంచి, ఒక కాలు ముందు బెట్టి దూరవలెను. వంటగది మన పూజగది యంత. ఆ యరలో డెబ్బదిమందికి పైగా నావికులకు మూడుపూటల వండినవాని ఓర్పునకు మేము మనసులో నమస్కరించితిమి. మా చిన్నవాడు త్రోవ చూపుచున్న వృద్ధ నావికుని జేరి, "తాతగారూ, దీనికి కిటికీలు లేవేమి?" అని యడిగెను. "కిటికీ యుండిన నీరు వచ్చును బాబూ" అని యాయన నవ్వెను. "మఱి గాలి యెట్లు వచ్చును?" అని వాడు మరల నడిగెను.

ఆ ప్రశ్నయే జలాంతర్గాముల చరిత్ర యంతయు. కురుసుర వంటి పడవలు పైకి వచ్చినప్పుడు డీసెలు యంత్రములతో నడచును. ఆ యంత్రములకు మన పొయ్యికి వలెనే గాలి కావలెను. నీటి యడుగున నున్నప్పుడు బ్యాటరీలలో నిలువజేసిన విద్యుచ్ఛక్తితో నడువవలసినదే. ఆ నిలువ తరిగినప్పుడు పైకి వచ్చియో, గొట్టము నైనను నీటిపైకి జాచియో, గాలి బీల్చుకొని బ్యాటరీలు నింపుకొనవలెను. పైకి వచ్చిన క్షణమే శత్రువునకు జిక్కు క్షణము.

అణుశక్తి ఈ చిక్కును దీర్చినది. యురేనియము పరమాణువులు రియాక్టరులో పగులునప్పుడు పుట్టు వేడిమితో నీరు కాగి ఆవిరియై చక్రములను ద్రిప్పును. ఇందు మంట లేదు గనుక గాలితో బనిలేదు. విద్యుచ్ఛక్తి సమృద్ధిగా నుండుటచే సముద్రపు నీటిని మరగించి మంచినీరు చేసికొందురు. ఆ నీటినే విడదీసి ప్రాణవాయువును బుట్టింతురు. ఇక నీటి యడుగున నెన్నాళ్లుండవచ్చును? ఇంధనము సంవత్సరముల తరబడి వచ్చును. ముందుగా నయిపోవునవి బియ్యము, పప్పు, పిండి. ఇంత విద్యకును కడపటి హద్దు కొట్టుగది యే యగుట చూడుడు! సరకుల లెక్క తప్పిన దోషము మన యింట నొకపూట పచ్చడితో దీరును; అచ్చట నట్లు దీరదు.

అరిహంత్ పొడవు సుమారు 110 మీటర్లు, బరువు సుమారు 6,000 టన్నులు. దాని రియాక్టరు శక్తి 83 మెగావాట్లని చెప్పుదురు. ఆ రియాక్టరునకు నమూనాను ముందుగా కల్పాక్కమున నేలమీద నిర్మించి పరీక్షించిరి. 2013 ఆగస్టు 10న పడవలోని రియాక్టరు రగుల్కొనెను. 2016 ఆగస్టులో అరిహంత్ నౌకాదళమున జేరినది. మేళతాళములు లేవు, ప్రకటన సయితము లేదు. దాని తోబుట్టువగు 'అరిఘాత్' 2024 ఆగస్టు 29న విశాఖలోనే నౌకాదళమునకు సమర్పింపబడెను.

వీని పొట్టలో నిలువుగా నమర్చిన గొట్టములలో క్షిపణు లుండును. 'కె-15' అనునది సుమారు 750 కిలోమీటర్లు, 'కె-4' అనునది సుమారు 3,500 కిలోమీటర్లు పోగలదు. నీటి యడుగుననే వాయుపీడనముచే గొట్టములోనుండి పైకి నెట్టబడి, నీటిని జీల్చుకొని వెలికి వచ్చిన పిమ్మట క్షిపణి తన మంటతో నాకసమున కెగయును. 2022 అక్టోబరు 14న అరిహంత్ బంగాళాఖాతమున నొక క్షిపణిని పరీక్షార్థము ప్రయోగించెను.

ఇంతకు నిది యెందులకు? 2003 జనవరి 4న భారత ప్రభుత్వము తన అణ్వాయుధ నియమములను బ్రకటించినది. అందు ముఖ్యమైనది, మనము మొదట అణ్వాయుధమును బ్రయోగింపము అనునది. ఎవరైనను మనపై బ్రయోగించినచో మాత్రము ఓర్వరాని ప్రతిక్రియ జరుగునని దాని తరువాతి మాట. ఈ రెండు మాటలను గలిపి చూచిన నొక చిక్కు గానవచ్చును. మొదటి దెబ్బ నేను గొట్టనని ప్రతిజ్ఞ చేసినవాడు ఎదుటివాని మొదటి దెబ్బకు జావకుండ నిలువవలెను గదా! నేలమీది క్షిపణులను, విమానములను శత్రువు ఆకసమునుండి కనిపెట్టి యొక్క వేటుతో నాశనము చేయవచ్చును. అట్లు చేయగలనన్న ధైర్యము వానికి గలిగిన నాడు మన ప్రతిజ్ఞ వట్టి వెర్రితన మగును. అందుచే నెవరి కంటను బడని చోట, సముద్రగర్భమున, ప్రతిక్రియను దాచి యుంచిరి. ఎక్కడ నున్నదో తెలియదు గనుక దానిని ముందుగా మాపుటకు వీలులేదు. మాపలేడు గనుక శత్రువు మొదటి దెబ్బకు సాహసింపడు. దీనినే నిరోధశక్తి యందురు.

ఈ యాయుధమునకు గల విపరీతగుణము మఱి దేనికిని లేదు. కత్తి కోసిన నాడు దాని ప్రయోజనము నెరవేరును. ఇది మాత్రము ప్రయోగింపబడిన నాడు ఓడిపోయినట్లు. దానిలోని క్షిపణి శత్రునగరముపైకి లేచినదనగా నప్పటికే మన నగరము బూడిదయై యున్నదని యర్థము. వేలకోట్ల రూపాయలు వెచ్చించి, నూరుమంది విద్యావంతులను నీటి యడుగున బెట్టి, ఏమియు జరుగకుండుటకై ప్రార్థించుటయే దీని పని. అమెరికావారి 'జార్జి వాషింగ్టన్' 1960 నవంబరు 15న ఇట్టి కావలికి మొదట బయలుదేరెను. బ్రిటిషువారి పడవలలో నొకటి 1969 ఏప్రిలు మొదలు నేటివరకు ఎడతెగకుండ సముద్రమున నున్నది. రష్యా, ఫ్రాన్సు, చైనా దేశములకు నిట్టివి గలవు.

నీటిలో దాగుట మన పురాణములకు గ్రొత్తగాదు. సేనలన్నియు నశించిన పిమ్మట దుర్యోధనుడు గద చేతబట్టి ద్వైపాయన హ్రదమున జొచ్చి, జలస్తంభన విద్యచే లోపల నిలిచిన కథను తిక్కన గారి శల్యపర్వమున మనలో ననేకులు చదివియే యుందురు. అతడు పట్టుబడినది యెట్లు? కృపాశ్వత్థామ కృతవర్మలు గట్టున నిలిచి యతనితో మాటలాడుచుండగా వేటగాండ్రు వినిరి. వినినవారు భీమునకు జెప్పిరి. అంతటి విద్యయు నొక్క చప్పుడుతో వ్యర్థమైనది. నేటి జలాంతర్గామికిని చప్పుడే మృత్యువు. వెలుతురు నీటిలో దూరము పోదు గాని, ధ్వని బహుదూరము పోవును. కాబట్టి శత్రువులు నీటిలో చెవులొగ్గి వినుచుందురు. యంత్రములను రబ్బరు దిమ్మలపై నుంతురు. గరిటె జారిపడకుండ జూచుకొందురు.

ఆ నిశ్శబ్ద మెంతదూరము పోయినదో 2009 ఫిబ్రవరిలో దెలిసినది. బ్రిటిషువారి 'వాన్‌గార్డ్', ఫ్రెంచివారి 'త్రియోంఫాన్' అను రెండు అణ్వాయుధ జలాంతర్గాములు, మిత్రదేశములవే, అట్లాంటికు మహాసముద్రమున నొకదాని రాక యొకటి యెరుగక ఢీకొనెను. చీకటి వంటింటిలో అత్తకోడండ్రు తలలు గొట్టుకొన్నట్లైనది. ఎవరికిని దెబ్బ తగులలేదు గనుక నవ్వుకొనవచ్చును. కాని యా రెంటిలోను అణ్వాయుధము లుండినవని తలచికొన్న నవ్వు రాదు.

మఱి యట్టి పడవకు ఒడ్డునుండి మాట చేరుట యెట్లు? సామాన్యమైన రేడియో తరంగములు ఉప్పునీటిలో జొరలేవు. బహుదీర్ఘమైన తరంగములు మాత్రము కొన్ని మీటర్ల లోతువరకు దిగును. వానిని బంపుటకు మహోన్నతమైన స్తంభములు, విశాలమైన స్థలము కావలెను. అట్టి కేంద్ర మొకటి తమిళదేశమున తిరునల్వేలి చెంత గలదు. దానికి కట్టబొమ్మని పేరు పెట్టిరి. రెండవదానికి 2024 అక్టోబరు 15న మన తెలంగాణమున వికారాబాదు చెంతనున్న దామగుండము అడవిలో శంకుస్థాపన జరిగినది. సముద్రమునకు నెంతో దూరముననున్న కొండలలో సముద్రపు టడుగువారితో మాటలాడు చోటు! అందులకై కేటాయించిన అటవీభూమి సుమారు 2,900 ఎకరములు. అడవి పోవును, మూసీనది పుట్టు ప్రాంతమునకు హాని గలుగును అని యక్కడివా రనేకులు వలదనిరి. దేశరక్షణమనగానే వారి మాటను ద్రోసివేయుట మాకు సమ్మతము గాదు. అడవిని నమ్ముకొన్న స్త్రీ కట్టెలకు, నీటికి నడువవలసిన దూరము పెరిగినచో, ఆ కావలి ఖర్చులో గొంత యామె కాళ్లు చెల్లించినట్లే గదా.

ఈ కేంద్రములు మాట పంపును గాని పడవ బదులు పలుకదు. పలికిన నున్నచోటు దెలియును. అనగా లోపలివాడు విననే గాని చెప్పరాదు. బ్రిటిషు నావికుల కుటుంబముల గూర్చి చదివినప్పుడు మాకీ సంగతి గుండెకు దాకినది. కావలిపై బోయిన వానికి భార్య వారమున కొక చిన్న జాబు పంపవచ్చును; తొలుత నలుబది మాటలే, తరువాత నూట యిరువదికి బెంచిరి. దానిని నౌకాదళమువారు చదివి పంపుదురు. జవాబు రాదు. దుర్వార్త యేదైన నున్నచో దానిని దాచియుంచి, తిరిగివచ్చునప్పుడు మాత్రమే చెప్పు నాచారము గలదు. తల్లి పోయినను కొడుకు నెలల తరబడి యెరుగడు. ఎరిగినను పడవ వెనుకకు దిరుగదు. ఇచ్చట భార్య నలుబది మాటలలో బిడ్డ నడచుట, కప్పు కారుట, తన కుశలము అన్నియు నిమిడ్చి, దుఃఖమును మాత్రము విడిచి వ్రాయవలెను. మన దేశపు పడవలవారి గృహములలో నియమ మేమున్నను, జవాబులేని జాబు వ్రాయు కష్ట మొకటియే.

ఆ పడవలలో మరణించినవారును గలరు. 1986 అక్టోబరు 3న బెర్ముడా దీవుల చెంత సోవియట్టువారి 'కె-219' అను జలాంతర్గామిలో నొక క్షిపణి గొట్టమున ప్రేలుడు సంభవించినది. రియాక్టరు నార్పు కడ్డీలు దమంతట దిగలేదు. సెర్గీ ప్రెమినిన్ అను నావికుడు, ఇరువదేండ్లవాడు, మండుచున్న యరలో జొచ్చి కడ్డీలను చేతితో ద్రిప్పి దించెను. పని ముగిసిన పిమ్మట గాలి యొత్తిడిచే తలుపు తెరచుకొనలేదు. వెలుపలివారు లాగిరి, లోపల నతడు నెట్టెను, అది రాలేదు. అతడు లోపలనే మరణించెను. మూడు దినములకు పడవయు మునిగెను. రియాక్టరు మాత్రము చల్లారియుండెను. 1997లో రష్యాదేశము వానికి వీరబిరుద మిచ్చెను. ఏ దేశపు బిడ్డయైన నేమి? వానిని గన్నతల్లిని దలచి మేమా పుట మూసి కొంతసేపు కూర్చుంటిమి.

ఇక అసలు ప్రశ్నకు రాక తప్పదు. ఎదుటివారి పసిబిడ్డలను జంపెదమను బెదిరింపుపై మన పసిబిడ్డల నిద్ర నిలుపుట ధర్మమేనా? 1945 ఆగస్టు 6న హిరోషిమాపై బడిన యొక్క బాంబుచే ఆ సంవత్సరాంతమునకు సుమారు 1,40,000 మంది మరణించిరి. వారిలో యుద్ధము గోరిన గృహిణు లెందరు? మఱియొక ప్రక్క, 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిరేయి పాకిస్తాను జలాంతర్గామి 'ఘాజీ' విశాఖ రేవు ముంగిటనే మునిగినది. అది మునిగిన కారణమును గూర్చి రెండు దేశములు రెండు విధముల జెప్పును గాని, అది మన గుమ్మమువరకు వచ్చిన మాట నిజము. కావలి యక్కరలేదని విశాఖవారితో జెప్పుటకు మాకు నోరు రాదు.

సౌప్తికపర్వమున అశ్వత్థామ గడ్డిపరకను బ్రహ్మశిరోస్త్రముగా మంత్రించి విడిచెను. దానికి బ్రతిగా అర్జునుడును విడిచెను. నారద వ్యాసులు నడుమ నిలిచి మరలింపుడనగా అర్జునుడు మరలించెను. అశ్వత్థామకు మరలించుట తెలియదు; అతని యస్త్రము పాండవస్త్రీల గర్భములపైకి, తుదకు ఉత్తర కడుపులోని బిడ్డపైకి బోయినది. పురుషుల పగకు గర్భస్థశిశువు గురియగుట ఎంతటి దూరదృష్టితో జెప్పిరో! నేటి క్షిపణి విషయమున నందరును అశ్వత్థామలే. ఒకమారు లేచిన దానిని వెనుకకు బిలుచు మంత్ర మెవరి యొద్దను లేదు. అందుచే మరలించుట యనునది విడువక ముందే, మనుష్యుని మనసులో జరుగవలెను.

మన దేశమున ఆజ్ఞ యిచ్చు నధికారము ప్రధానమంత్రి యధ్యక్షుడుగా నున్న రాజకీయ మండలికే గలదు. సేనానికి లేదు, పడవ నాయకునకు లేదు. బ్రిటనులో క్రొత్త ప్రధానమంత్రి తన చేతివ్రాతతో నాలుగు పడవలకు నాలుగు జాబులు వ్రాయును. దేశము నశించి, తానును మరణించినచో నేమి చేయవలెనో యందుండును. పదవి దిగిన పిమ్మట వానిని విప్పకయే నాశనము చేయుదురు. ప్రతీకారము చేయుమని వ్రాసిరో, వలదని వ్రాసిరో లోక మెరుగదు. వ్రాయు రాత్రి ఆ చేయి యెట్లుండునో మేము పలుమారు తలచితిమి. మాకు దోచినంత వరకు ఈ యాయుధమునకు గల ధర్మమంతయు 'మొదట గొట్టము' అను మాటలోనే యున్నది. ఆ మాట సడలిననాడు జలగర్భమున నున్నది కావలి కాదు, పొంచి యున్న వ్యాఘ్రము. పైన జెప్పిన అరిహంతుల జయించిన లోపలి శత్రువులు గుర్తునకు వచ్చుట యిందుచేతనే. రక్షణవ్యయము, నౌకలు, క్షిపణులు పురుషుల మాటలని విడువక, ఆ ప్రతిజ్ఞ నిలిచియున్నదా లేదా యని యడుగు హక్కు, ఓటున్న ప్రతి గృహిణికిని గలదు.

2018 నవంబరు 5న అరిహంత్ తన మొదటి నిరోధసంచారమును ముగించినదని ప్రధానమంత్రి నరేంద్ర మోదీ గారు ప్రకటించి, దానిలోని నావికులను స్వయముగా గౌరవించిరి. ఆనాడు ధనత్రయోదశి, దీపావళికి రెండు దినములే యున్నవి. వా రే సముద్రమున, ఏ లోతున, ఏ తీరమునకు గురిపెట్టి తిరిగిరో ప్రకటనలో లేదు. ఇంటికి వచ్చి పిండివంటల ముందు గూర్చున్న వానిని "ఇన్నాళ్లు ఎక్కడ నుంటిరి?" అని భార్య యడిగియుండదు, అడిగినను ఆయన చెప్పియుండడు.